వ్యాయామమునకై కారులో పోవచ్చునా?

ఒక గృహస్థు తన భార్యతోను, ఇద్దరు పిల్లలతోను కారులో కూర్చుండి, పట్టణమునకు ఇరువది కిలోమీటర్ల దూరముననున్న ఒక కొండకు పోయెననుకొనుడు. అచ్చట వారు రెండు గంటలు నడచిరి. ఎవరితోను మాటలాడలేదు, ఏ దుకాణమునను అడుగుపెట్టలేదు. తిరిగి యిల్లు చేరిరి. సాధారణ దినములలో ఇందు తప్పెన్నువా రెవరును ఉండరు. కాని దేశమంతట మహమ్మారి వ్యాపించి, ప్రజలందరును ఇండ్లలోనే యుండవలెనని ప్రభుత్వము శాసించిన దినములలో ఆ గృహస్థు చేసినది తప్పా, ఒప్పా? వ్యాయామము చేయుటకు శాసనము అనుమతించినది. వ్యాయామము చేయు చోటికి కారులో పోవుటను కూడ అనుమతించినట్లేనా?

2020వ సంవత్సరమున కోవిడ్ వ్యాధి ప్రబలినపుడు ఇంగ్లండు దేశమున ఈ చిన్న ప్రశ్న పెద్ద వివాదమై కూర్చున్నది. పోలీసులు, మంత్రులు, న్యాయకోవిదులు తలకొక మాట చెప్పిరి. సీమదేశపు షికార్లతో మన పంచాయతీ సభ్యులకు పనియేమని కొందరు అడుగవచ్చును. ఆ గృహస్థు పోయిన కొండ ప్రక్కన ఒక గ్రామము ఉండును. అట్టి గ్రామములకు ఆ దేశమున పారిష్ కౌన్సిల్ అను సభ ఉండును. అది ఇంచుమించు మన గ్రామ పంచాయతీ వంటిది. పట్టణవాసి కన్నులకు నిర్మానుష్యముగ తోచిన కొండ గ్రామవాసికి తన పెరటి దొడ్డి. ఆ మార్చి నెలలోనే తెలంగాణమునందును, ఆంధ్రప్రదేశమునందును పెక్కు గ్రామములవారు పొలిమేరలలో ముండ్లకంపలు, దుంగలు అడ్డము వేసి, బయటివారు రారాదని పలకలు కట్టిరి. కావున ఈ ప్రశ్నను కారులోనున్న వాని వైపునుండియే గాక, కంప వేసినవాని వైపునుండియు చూడవలసియున్నది.

కొండలమీద తిరునాళ్లు

2020 మార్చి 20వ తేదీ శుక్రవారము రాత్రితో బ్రిటనులో పానశాలలు, భోజనశాలలు, సినిమాహాళ్లు మూయబడినవి. మరునాడు ఎండ కాసినది. ఆ దేశమున ఎండ కాయుట ఒక విశేషము. పోవుటకు వేరొక తావులేని జనులు కార్లెక్కి కొండలకును, సముద్రతీరములకును తరలిరి. వేల్సునందలి స్నోడోనియా జాతీయ వనమునకు అంత జనము వచ్చుట తమ యెరుకలో ఎన్నడును లేదని ఆ వనాధికారులు ప్రకటించిరి. బాటల ప్రక్కన కార్లు బారులు తీరినవి. కొండదారులు సన్ననివి, మనిషికి మనిషికి రెండు మీటర్ల ఎడము పాటించుటకు వీలు లేకపోయినది. వచ్చినవారిలో ప్రతియొక్కరును ఏకాంతమును కోరియే బయలుదేరిరి. అందరును ఒకే ఏకాంతమునకు చేరిరి. పుష్కరములలో రద్దీ తగ్గిన వేళ స్నానము చేయుదమని తెల్లవారుజామున రేవునకు పోయి, అదే ఆలోచనతో వచ్చిన వేలమంది నడుమ చిక్కుకొన్నవారికి ఈ సంగతి వివరింప నక్కరలేదు.

ఆ పిమ్మట రెండు దినములకే, అనగా మార్చి 23వ తేదీ సాయంకాలము, ప్రధానమంత్రి బోరిస్ జాన్సన్ దేశప్రజల నుద్దేశించి మాటలాడుచు, ఇల్లు విడుచుటకు నాలుగు కారణములను మాత్రమే పేర్కొనెను. అందొకటి వ్యాయామము. అది దినమునకు ఒక్కమారు, ఒంటరిగనో ఇంటివారితోడనో చేయవలెనని చెప్పెను. ఇంటికి దగ్గరగానున్న మైదానములనే వాడుకొనుడని ప్రభుత్వ సూచనలు వెలువడెను. దినములు గడువకముందే ఒక మంత్రి, నడక గంటసేపు చాలునని తన అభిప్రాయము తెలిపెను.

చట్టమొకటి, సలహా యొకటి

చట్టము మార్చి 26వ తేదీ మధ్యాహ్నము ఒంటిగంటకు అమలులోనికి వచ్చినది. 1984 నాటి ప్రజారోగ్య చట్టము ఇచ్చిన అధికారముతో చేసిన నిబంధనలవి. సహేతుకమైన కారణము లేక ఎవరును తాము నివసించు చోటు విడిచిపోరాదనుట అందలి ముఖ్యాంశము. సహేతుకమైన కారణములు కొన్ని వరుసగా చెప్పబడినవి. వాటిలో వ్యాయామము కలదు. అయితే దినమునకు ఒక్కమారే యను మాట ఇంగ్లండు నిబంధనలలో లేదు. గంట యను మాట లేదు. దూరము లేదు. కారు అసలే లేదు. పొరుగుననున్న వేల్సు ప్రాంతమువారు మాత్రము దినమునకు ఒక్కమారను నియమమును తమ నిబంధనలలోనే వ్రాసికొనిరి.

ప్రధానమంత్రి టెలివిజనులో చెప్పినది చట్టమని ప్రజలు తలచిరి. అట్లు తలచుటలో వింత లేదు. పోలీసులును అట్లే తలచిరి; వింత అక్కడ నున్నది. డెర్బీషైర్ జిల్లాలో కర్బార్ ఎడ్జ్ అను కొండ కలదు. అది షెఫీల్డు నగరమునుండి అరగంట ప్రయాణము. మార్చి 25వ తేదీన పోలీసులు ఆ కొండమీదికి డ్రోను పంపి, కుక్కలను త్రిప్పుకొనువారిని, నడకకు వచ్చిన దంపతులను చిత్రము తీసిరి. కార్ల సంఖ్యలనుబట్టి వారు షెఫీల్డు నగరవాసులని తెలిసికొని, ఇట్టి ప్రయాణము అవసరమైనది కాదను వ్రాతతో ఆ చిత్రమును లోకమంతయు చూచునట్లు ప్రకటించిరి. ఆ దృశ్యములో ఒకరితో నొకరు రాసుకొను గుంపులు లేవు. విశాలమైన కొండమీద అక్కడొకరు, ఇక్కడొకరు. అదే జిల్లాలో హార్పర్ హిల్ గ్రామమువద్ద పాత క్వారీ గుంటలో నీలిరంగున మెరయు నీరు కలదు. అది స్నానమునకు పనికిరాని క్షారజలము. దానిని చూడవచ్చువారిని మరల్చుటకై పోలీసులు ఆ నీటిలో నల్లరంగు కలిపిరి.

మార్చి 30వ తేదీన, సుప్రీంకోర్టు న్యాయమూర్తిగ పనిచేసి విరమించిన లార్డ్ సంప్షన్ రేడియోలో మాటలాడుచు ఈ పోలీసుల చర్యను తీవ్రముగ గర్హించెను. పోలీసులు అమలుపరచవలసినది చట్టమును మాత్రమే యనియు, మంత్రుల కోర్కెలను అమలుపరచుటకు వారికి అధికారము లేదనియు ఆయన వాదన. నియమోల్లంఘనమునకు తొలుత 60 పౌన్ల జుల్మానా యుండెను. ఆనాటి మారకపు లెక్కన ఐదున్నర వేల రూపాయలు. పేదవానికి అది చిన్న మొత్తము కాదు. చట్టములో లేని తప్పునకు ఆ మొత్తమును చెల్లింపవలసిన భయముతో మనుష్యులు ఇల్లు కదలకపోవుట న్యాయము కాదనుటలో సందేహము లేదు. కాని పోలీసులనే యెల్ల తప్పునకు బాధ్యులను చేయుటయు ఉచితము కాదు. మూడు దినములలో పుట్టిన నిబంధనలను, అంతకుముందే వినవచ్చిన ఉపన్యాసముతో కలిపి చదువుకొని, వారు వీధిలోనికి పోవలసివచ్చినది.

ఏప్రిలు మధ్యలో పోలీసు ఉన్నతాధికారులు సహేతుకమైన కారణమనగా నేమో తెలుపుచు ఒక చిన్న పట్టికను విడుదల చేసిరి. పల్లెపట్టులకు కారులో పోయి నడచుట తప్పు కాదనియు, అయితే కారులో గడపిన సమయముకంటె నడకలో గడపిన సమయము మిక్కిలి హెచ్చుగ నుండవలెననియు అందు చెప్పిరి. చాలసేపు ప్రయాణించి కొలదిసేపు నడచుట మాత్రము సహేతుకము కానేరదు. నా మట్టుకు ఈ వివాదమంతటిలో ఇంత తెలివిగల వాక్యము వేరొకటి కనబడలేదు. కొలబద్ద అక్కరలేదు, పటము అక్కరలేదు. గడియారము చూచుకొన్న ప్రతివాడును తన పని తప్పో ఒప్పో తానే నిర్ణయించుకొనగలడు.

దూరము కొలిచినచో?

ఇంత చర్చయెందుకు, కిలోమీటర్లలో చెప్పినచో సరిపోదా యని తోచవచ్చును. ఫ్రాన్సు దేశము అట్లే చేసినది. 2020 మార్చి 24వ తేదీనుండి అచ్చట వ్యాయామమునకు దినమునకు ఒక గంట, ఇంటినుండి ఒక కిలోమీటరు. బయలుదేరిన వేళను తెలుపు పత్రమును ఎవరికివారే వ్రాసికొని వెంటనుంచుకొనవలెను. తప్పినచో 135 యూరోల జుల్మానా. ఐర్లండులో మార్చి చివర రెండు కిలోమీటర్లని నిర్ణయించి, మే నెలలో ఐదు చేసిరి. వేల్సులో జూన్ నెలనుండి ఇంచుమించు ఐదు మైళ్లను లెక్కగా చెప్పిరి.

అంకె చెప్పుటలో గొప్ప లాభము కలదు. పోలీసునకు, పౌరునకు తగవు ఉండదు. నష్టమును కలదు. ఇరుకు నగరములో ఆరవ అంతస్తునందు చిన్న గదులలో పిల్లలతో నుండు కుటుంబమునకు ఒక కిలోమీటరులోపల చెట్టైనను ఉండకపోవచ్చును; పల్లెలోని వానికి గడప దాటిన పొలమే. ఒకే అంకె ఇద్దరికిని సమానముగ వర్తించును, ఇద్దరికిని సమానముగ ఉపకరింపదు. ఫ్రాన్సువారే 2020 నవంబరు 28వ తేదీనుండి దానిని 20 కిలోమీటర్లకు, మూడు గంటలకు పెంచిరి. ఇంగ్లండులో మే 13వ తేదీనుండి వ్యాయామమునకై ఎంత దూరమైనను కారులో పోవచ్చునని స్పష్టపరచిరి. అదే దినమున వేల్సులో ఆ స్వేచ్ఛ లేదు. సరిహద్దునకు ఈవల ఒప్పయినది ఆవల తప్పయినది. నడుమనున్నది ఒక రహదారి మాత్రమే.

గ్రామము వైపునుండి

వ్యాధి కారును అంటుకొని ప్రయాణింపదు. ఒక ఇంటివారు ఇంటిలో కలిసి యున్నట్లే కారులోను కలిసి యుందురు; అందువలన వారికి క్రొత్త ప్రమాదము లేదు. ఆరుబయట గాలిలో ఈ వ్యాధి అంటుకొనుట మూసిన గదులలో కంటె చాల తక్కువయని తరువాత స్థిరపడినది. అయినను ఆ యేడు మార్చిలో కొండపల్లెలవారు కార్లను చూచి కలవరపడుటకు తగిన కారణములున్నవి. లక్షణములు కానరాని మనిషియు వ్యాధిని వ్యాపింపజేయగలడు. కొండకు వచ్చినవాడు దాహమైనచో గ్రామపు దుకాణమునకే పోవును. అందరును పట్టుకొను గేటునే తానును పట్టుకొనును. పల్లెలలో వృద్ధులు హెచ్చు, ఆసుపత్రి దూరము.

వీటన్నిటికంటె పెద్ద కారణము వేరొకటి కలదు. కొండమీద కాలు విరిగినచో దింపువారెవరు? ఇంగ్లండు, వేల్సు ప్రాంతములలో ఆ పని జీతము లేని స్వచ్ఛంద సేవకులది. చుట్టుపట్ల గ్రామములవారే దళములుగ నేర్పడి, కబురందినంతనే చేతిలో పని విడిచి పోవుదురు. 2021 ఫిబ్రవరి మొదటివారములో, లాక్‌డౌన్ అమలులోనుండగా, దూర పట్టణములనుండి వచ్చిన ఇద్దరు లేక్ డిస్ట్రిక్ట్ ప్రాంతమున కొండమీద గుడారము వేసికొని రాత్రి గడపిరి. ఒకనికి గుండెలో నొప్పి వచ్చెను. నడిరేయి దాటిన తరువాత వారికొరకు కొండనెక్కిన సేవకులలో ఒకరు ఇంచుమించు నూటయేబది మీటర్ల క్రిందికి జారిపడిరి. వారి వెన్నెముకకు మిక్కిలి తీవ్రమైన గాయమైనది. గుడారము వేసినవారికి చెరి 200 పౌన్ల జుల్మానా పడినది. గుడారములో పండుకొనుట వ్యాయామము కాదు. అది చట్టమునకు స్పష్టముగ విరుద్ధము. కాని మధ్యాహ్నము నడకకు వచ్చి చీలమండ విరిగిన నిర్దోషిని తెచ్చుటకును ఆ సేవకులే, ఆ కొండనే ఎక్కవలెను. ఈ సంగతి కారెక్కువానికి తట్టదు. తట్టునట్లు చెప్పుట గ్రామసభల పని. డ్రోను చిత్రములో ఈ మాట లేదు. ఇది అవసరము కాని ప్రయాణమని మందలింపు మాత్రమే యున్నది.

రెండు కాఫీ గిన్నెలు

అనుభవము గడచినకొలది తెలివి పెరుగవలెను. 2021 జనవరిలో ఇంగ్లండునకు మరల పూర్తి లాక్‌డౌన్ వచ్చినది. అప్పటి నిబంధనల ప్రకారము వేరొక ఇంటివారు ఒక్కరితో కలిసి ఆరుబయట వ్యాయామము చేయవచ్చును. అదే డెర్బీషైర్ జిల్లాలో ఇరువురు స్త్రీలు వేర్వేరు కార్లలో ఐదు మైళ్లు పోయి, ఫోర్మార్క్ జలాశయమువద్ద నడకకు దిగిరి. చేతులలో దుకాణమునుండి తెచ్చుకొన్న వేడి పానీయపు గిన్నెలు. పోలీసులు వారి నాపి, పానీయమున్నది కావున ఇది వ్యాయామము కాదు, వనభోజనమని నిర్ణయించి, ఒక్కొక్కరికి 200 పౌన్లు, అనగా ఇరువదివేల రూపాయలు, జుల్మానా వేసిరి. మన కార్తిక వనభోజనములు ఒక గిన్నెడు కాఫీతో తీరునవి కావు గాని, ఆ మాట అటుండనిండు. వారము తిరుగకముందే ఆ జుల్మానాలు రద్దయినవి. పోలీసు శాఖ క్షమాపణ చెప్పినది. ఆ రోజులలోనే ప్రధానమంత్రి తన నివాసమునకు ఏడు మైళ్ల దూరమున ఒలింపిక్ పార్కులో సైకిలు త్రొక్కుచు కనబడెను. అదియు చట్టవిరుద్ధము కాదు. స్థానిక ప్రాంతము విడిచి పోరాదను మాట సలహాలో నున్నది గాని, చట్టములో లేదు. ఏడు మైళ్లు స్థానికమగునా యను ప్రశ్నకు అధికారులు సూటిగ సమాధానము చెప్పలేకపోయిరి.

అంతకుముందు 2020 వేసవిలో ప్రజల మనస్సును మిక్కిలి నొప్పించిన సంగతి ప్రధానమంత్రి ముఖ్య సలహాదారు డొమినిక్ కమింగ్సు ప్రయాణము. ఆయన లాక్‌డౌన్ తొలినాళ్లలో కుటుంబముతో లండనునుండి డరహామునకు 260 మైళ్లు పోయెను. ఏప్రిలు 12వ తేదీన అచ్చటినుండి బార్నార్డ్ కాసిల్ అను ఊరికి కారు నడపెను. జబ్బుపడి లేచిన తరువాత కారు నడపుటకు కన్నులు సరిగానున్నవో లేవో పరీక్షించుకొంటినని మే 25వ తేదీన పత్రికలవారికి చెప్పెను. ఆయనపై అభియోగమేదియు లేదు. ఆ ప్రయాణము వ్యాయామమునకు సంబంధించినదియు కాదు. అయినను, ఇంటిప్రక్క తోటకు పోవుటకే సంకోచించిన లక్షలాది జనులు దానిని మరువలేదు.

మన పొలిమేరలలో

మన దేశమున 2020 మార్చి 25వ తేదీన లాక్‌డౌన్ ఆరంభమైనపుడు 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము దానికి ఆధారము. అనుమతించిన పనుల పట్టికలో వ్యాయామము లేదు. కావున ఇంగ్లండువారి ప్రశ్న మనకు ఆ రూపమున తలయెత్తలేదు. ఉదయపు నడకయే నిషిద్ధము. తెలంగాణమునందు నిత్యావసర వస్తువులకై ఇంటినుండి మూడు కిలోమీటర్లు మించి పోరాదని పోలీసులు ప్రకటించిరి. వ్యవసాయపు పనులకు మార్చి 27వ తేదీన కేంద్ర ప్రభుత్వము మినహాయింపు నిచ్చినది. పొలము పనికి పోవు రైతునకు వేరుగ వ్యాయామమేల? నగరములలోని మేడలలో నున్నవారికి మాత్రము ఆ లోటు తెలిసినది. వారిలో పలువురు స్వగ్రామములకు దారిపట్టిరి; అచ్చట ముండ్లకంప ఎదురైనది.

ఆ కంప వేసినవారి భయమును నేను తక్కువచేయను. ఆనాటికి టీకా లేదు, మందు లేదు. పైన చెప్పిన కొండపల్లెవారి భయమే మనవారిదియు. అయితే ఇంగ్లండు వివాదమున తేలిన ప్రశ్నలే ఇచ్చటను అడుగవలసియున్నవి. గ్రామములో చాటింపు వేయించినపుడు ఏది ప్రభుత్వపు ఉత్తరువు, ఏది పంచాయతీ విన్నపము, ఏది ఒకరిద్దరు పెద్దల అభిప్రాయము? మూడింటిని ఒకే డప్పుతో, ఒకే గొంతుతో చాటించినచో విన్నవాడు మూడింటిని ఉత్తరువులనియే తలచును. ఒకటి తప్పని తేలిననాడు మిగిలిన రెంటిని కూడ నమ్మడు. బయటినుండి వచ్చువానిని వలదనుట కంటె, ఎందువలన వలదో చెప్పుట మేలు: ఈ ఊరిలో ఇంతమంది వృద్ధులున్నారు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రము ఇన్ని కిలోమీటర్ల దూరము, దుకాణము ఒక్కటే. చెరువుగట్టుమీద నడచిపోవు ఒంటరి మనిషిని ఫొటో తీసి ఊరందరి ఫోనులకు పంపుట, డ్రోను ఎగురవేసిన పోలీసుల పనికి చెల్లెలు వంటిది.

మొదటి గృహస్థు మాటకు వత్తము. ఇంగ్లండు చట్టము ప్రకారము అతడు దోషి కాడు. ఇరువది కిలోమీటర్లు పోయి రెండు గంటలు నడచెను గనుక పోలీసు పట్టిక ప్రకారమును దోషి కాడు. అదే దినమున అదే కొండకు మరి రెండువందల కార్లు వచ్చునని ఊహింపగలిగియు పోయినచో, మర్యాద విషయమున మాత్రము అతనిది కొంత లోపమే. ఆ లోపమునకు జుల్మానా తగదు. కార్లు నిలుపు స్థలము నిండినదని ముందుగ తెలుపు ఒక ప్రకటన, ప్రక్కదారి చూపు ఒక గ్రామ సేవకుడు చాలును.

ఇట్టి విపత్తు మరల వచ్చినపుడు దారికి అడ్డము పెట్టవలసిన అగత్యమే కలిగినచో, పంచాయతీ సభ్యులు ముందుగ మండల అధికారులతోను, పోలీసు ఠాణాతోను మాటలాడి, అనుమతి కలదో లేదో తెలిసికొనవలెను. ముండ్లకంప కంటె ఎత్తిదించు వెదురు గడ మేలు. రాత్రివేళ 108 వాహనము వచ్చి నిలిచినపుడు, నొప్పులు పడుచున్న స్త్రీ లోపల నున్నపుడు, కంప తొలగించుటకు పట్టు పది నిమిషములు చిన్నవి కావు. గడ ఎత్తువాడు పగలెవరో, రాత్రి యెవరో పంచాయతీ నిర్ణయించి, వారి పేర్లను, ఫోను సంఖ్యలను ఆ గడకే కట్టిన పలకమీద పెద్ద అక్షరములతో వ్రాయించి యుంచవలెను.